పరుగుకు ముందు ఒక్క మాట

తెల్లవారుజాము నాలుగున్నర. విజయనగరం కోట చుట్టూ ఇంకా చీకటే. పాలవ్యాన్లూ, కూరగాయల ఆటోలూ తప్ప రోడ్డు మీద మరో అలికిడి ఉండదు. అంతలో అడుగుల చప్పుడు. ఒకరు, ఇద్దరు, పదిమంది... అంతా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లే. ఒకడి చేతిలో సెల్‌ఫోన్, అందులో స్టాప్‌వాచ్. పరుగు 1,600 మీటర్లు. ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే పూర్తి మార్కులు. పది సెకన్లు ఆలస్యమైతే మార్కులు తగ్గుతాయి. ఆ తర్వాత కడ్డీ పట్టుకుని పది పులప్స్. తొమ్మిదడుగుల గొయ్యి దూకాలి. ఇంటికెళ్లాక రాత్రి నానబెట్టిన సెనగలు, చోడి అంబలి. మళ్లీ సాయంత్రం మైదానానికి.

ఏడాదికోసారి వచ్చే సైన్యం భర్తీ కోసమే ఈ తిప్పలన్నీ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది కొత్త కాదు. 'మావోడు మిలట్రీకెళ్లిపోనాడు' అన్న మాట వినపడని ఊరు ఇక్కడ అరుదు. వానదేవుడి మీద ఆధారపడిన ఒక్క పంట, మూతపడుతూ తెరుచుకుంటూ ఉండే జూట్ మిల్లులు, కాదంటే చెన్నైకో హైదరాబాద్‌కో వలస. ఈ లెక్కల మధ్య పదో తరగతితో దొరికే కేంద్ర ప్రభుత్వ కొలువు చిన్నదేం కాదు. నెలనెలా జీతం, సెలవుకొచ్చినప్పుడు క్యాంటీన్ సరుకులు, చెల్లి పెళ్లికి అప్పు పుట్టే పరపతి, పెంకుటింటి స్థానంలో డాబా. అమ్మానాన్నలకు ఇంతకంటే ఏం కావాలి?

అందుకే కుర్రాడు పరిగెడుతుంటే ఇల్లంతా లెక్కలు వేస్తుంది. జీతమెంత? సెలవులెన్ని? పోస్టింగు ఎక్కడ?

ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. యుద్ధమంటే ఎలా ఉంటుంది?

మిలట్రీ ఆయన మౌనం

ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఎక్కడో లేడు. ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. పేరు పెట్టి కాకుండా 'మిలట్రీ ఆయన' అని పిలుస్తారే, ఆయనే. పద్దెనిమిదేళ్లకు వెళ్లి, పదిహేనూ పదిహేడేళ్లు చేసి, ముప్పై అయిదు దాటాక పింఛనుతో తిరిగొస్తాడు. తర్వాత ఏ బ్యాంకు గుమ్మంలోనో తుపాకీ పట్టుకుని నిలబడతాడు. పంద్రాగస్టు నాడు బడిలో జెండా ఎగరేయడానికి ముందుగా పిలుపొచ్చేది ఆయనకే. ఇస్త్రీ బట్టలు, ఛాతీ మీద పతకాలు, రెండు నిమిషాల ఉపన్యాసం.

ఆ రెండు నిమిషాల్లో ఆయన ఏం చెబుతాడు? క్రమశిక్షణ గురించి, దేశభక్తి గురించి. రచ్చబండ దగ్గర కూర్చుంటే మంచు కొండల చలి గురించీ, మొదట్లో హిందీ రాక పడ్డ అవస్థల గురించీ నవ్విస్తూ చెబుతాడు. కానీ పక్కనున్న స్నేహితుడు ఎలా పోయాడో చెప్పడు. ఆ రాత్రి తనకేమనిపించిందో అసలే చెప్పడు. ఇంట్లో భార్యకీ తెలియదు. నిద్రలో ఉలిక్కిపడి లేస్తే 'ఏదో పీడకల' అని సర్దేసుకుంటారు.

చెప్పాలని లేక కాదు. అడిగినవాళ్లు లేక! వీరగాథకు ఉన్నంత మంది శ్రోతలు విషాదానికి ఉండరు. పైగా తిరిగొచ్చినవాడు యుద్ధం మంచిది కాదంటే, పిరికివాడంటారేమోనన్న జంకు. ఫలితం... అనుభవం ఉన్నవాడు మాట్లాడడు, మాట్లాడేవాళ్లకు అనుభవం ఉండదు. మధ్యలో కుర్రాడు పరిగెడుతూనే ఉంటాడు.

ఓడెక్కమన్న రోజు

ఈ నేలకూ సిపాయి కొలువుకూ ఉన్న బంధం ఇప్పటిది కాదు. 1758లో విజయనగరం ప్రభువు ఆనంద గజపతి ఫ్రెంచివారిని తరిమేందుకు ఇంగ్లీషువారిని పిలిచాడు. కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి సేనతో విశాఖపట్నంలో దిగాడు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. క్రమంగా ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలోకి వెళ్లాయి. అక్కడి నుంచి కంపెనీ పటాలాల్లోకి మనవాళ్ల భర్తీ సాగింది. ఐరోపావారి కవాతు మొదట నేర్చినవారిలో తెలుగు నేలవారు ఎక్కువ. అందుకే ఉత్తరాదిన కంపెనీ సిపాయి ఎవరైనా సరే, 'తిలంగా' అని పిలిచేవారు. 1857 నాటి ఢిల్లీలోనూ తిరుగుబాటు సిపాయిల్ని జనం ఆ మాటతోనే పిలిచారు. మన జాతి పేరే అక్కడ సిపాయికి పర్యాయపదమైందన్నమాట!

అయితే ఆ సిపాయిలు ఎప్పుడూ తలూపారనుకుంటే పొరపాటు. 1780లో కంపెనీకి మైసూరు హైదర్ అలీతో యుద్ధం వచ్చిపడింది. మద్రాసుకు సాయంగా ఉత్తర సర్కారుల సిపాయిల్ని ఓడలో పంపాలనుకున్నారు. అక్టోబరు 3న విశాఖపట్నం రేవులో ఓడెక్కమని హుకుం. సొంత నేలను, పెళ్లాం పిల్లల్ని వదిలి సముద్రం మీద ఎక్కడికో వెళ్లి ఎవరి కోసమో చావడానికి వాళ్లు సిద్ధంగా లేరు. ఎక్కమన్నారు. తుపాకులు అధికారుల మీదికే తిరిగాయి. కొందరు ఇంగ్లీషు అధికారులు అక్కడే ప్రాణాలు విడిచారు. తర్వాత తిరుగుబాటును అణచేశారు. 1857కి 77 ఏళ్ల ముందు మాట ఇది.

చేసింది ఒప్పా తప్పా అన్నది వేరే చర్చ. కానీ 'ఈ యుద్ధం ఎవరిది? నేనెందుకు వెళ్లాలి?' అని ఉత్తరాంధ్ర సిపాయి అడిగాడని చెప్పే రోజు అది. ఆ ప్రశ్నను మన పాఠాల్లో పిల్లలు పెద్దగా చదవరు.

పతకం తీసుకున్న చేతులే...

ప్రశ్న అడిగినవాళ్లంతా తిరుగుబాటుదారులే కానక్కర్లేదు. పతకాలు అందుకుని, అత్యున్నత పదవి వరకూ ఎదిగి, అప్పుడు అడిగినవారూ ఉన్నారు. అలాంటి పెద్దాయన మన హైదరాబాద్‌లోనే 2024 మార్చి 15న, తొంభయ్యేళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన అడ్మిరల్ లక్ష్మీనారాయణ్ రాందాస్.

విజయనగరం జిల్లా పిల్లలు విహారయాత్రకు వెళితే విశాఖ బీచిలో తప్పక చూసేవి రెండు. ఒకటి కురుసుర జలాంతర్గామి, రెండోది దాని దగ్గర్లోనే ఉన్న 1971 యుద్ధ విజయ స్మారకం. ఆ యుద్ధంలో బంగాళాఖాతంలోకి వెళ్లిన తూర్పు నౌకాదళంలో 'బియాస్' అనే యుద్ధనౌక ఉంది. దాని కమాండర్ రాందాస్. ఆయనకు వీరచక్ర వచ్చింది. తర్వాత విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళానికి అధిపతిగా పనిచేశారు. 1990 నవంబరు నుంచి 1993 సెప్టెంబరు దాకా దేశ నౌకాదళానికే అధిపతి. ఆయన మామగారు అడ్మిరల్ రాందాస్ కటారి, 1958లో నౌకాదళ పగ్గాలు అందుకున్న తొలి భారతీయుడు. అంటే ఇంటా బయటా సముద్రమూ యూనిఫామూ తప్ప మరొకటి లేని జీవితం.

అలాంటి మనిషి పదవీ విరమణ తర్వాత ఏం చేశారు? అలీబాగ్ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకున్నారు. తీరిక దొరికినప్పుడల్లా భారత్, పాకిస్థాన్ ప్రజల మధ్య స్నేహం కోసం తిరిగారు. 1998లో పోఖ్రాన్ అణుపరీక్షలకు దేశమంతా మిఠాయిలు పంచుకుంటుంటే, అణుబాంబులు వద్దని చెప్పిన కొద్దిమందిలో ఈ మాజీ నౌకాదళాధిపతి ఒకరు. ఒకప్పుడు తాను ఎదురుగా నిలిచి పోరాడిన దేశంలోని పౌరులతో కలిసి శాంతి వేదిక నడిపారు. 2004లో ఆయనకూ, పాకిస్థాన్‌కు చెందిన ఐ.ఎ. రెహ్మాన్‌కూ కలిపి రామన్ మెగసెసె అవార్డు ఇచ్చారు. సరిహద్దుకు చెరోవైపు ఉన్న ఇద్దరికి ఒకే అవార్డు!

ఆయన తన యూనిఫాంని నిందించలేదు. సైనికుడి ధైర్యాన్ని తక్కువ చేయలేదు. యుద్ధం చివరికి ఎవరి సమస్యనూ తీర్చదన్నది మాత్రం దగ్గరుండి చూసిన మనిషిగా చెప్పారు. అంత పెద్ద హోదాలో ఉన్నాయన చెప్పినా వినడానికి దేశానికి ఏళ్లు పడుతుంటే, మన ఊరి హవల్దారు నోరు విప్పకపోవడంలో వింతేముంది?

స్వాగతం లేని తిరుగు ప్రయాణం

గెలిచిన యుద్ధాలకు స్మారకాలు ఉంటాయి. గెలవని యుద్ధాలకో? 1987లో భారత శాంతి సేన శ్రీలంక వెళ్లింది. పేరులోనే శాంతి ఉంది కనుక తుపాకులు పేల్చాల్సి రాదనుకున్నారు. కొన్ని వారాలు తిరక్కుండానే ఎల్టీటీఈతో భీకర పోరు మొదలైంది. రెండున్నరేళ్లలో సుమారు 1,200 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వెళ్లిన పటాలాల్లో తెలుగు జవాన్లుండే మద్రాస్ రెజిమెంటూ ఉంది.

1990 మార్చిలో ఆఖరి దళం మద్రాసు రేవులో దిగింది. అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి స్వాగతం పలకడానికి వెళ్లలేదు. వెళ్లమన్నది ప్రభుత్వం, రమ్మన్నదీ ప్రభుత్వమే. మధ్యలో కాలూ చెయ్యీ పోగొట్టుకున్నవాడిని 'ఎందుకెళ్లావు?' అన్నట్టు చూసింది లోకం. ఆ ఓడల్లో దిగినవాళ్లకు ఇప్పుడు అరవై దగ్గరో, దాటో ఉంటాయి. వాళ్లలో ఎవరైనా మీ ఊళ్లో ఉంటే ఒకసారి పలకరించి చూడండి. శ్రీలంక పేరు ఎత్తగానే చాలామంది మాట మార్చేస్తారు. యుద్ధం మీద భ్రమ తొలగిపోవడమంటే అదే. నినాదాలేమీ ఉండవు. మాట మార్చేయడమే ఉంటుంది.

కోరుకొండ గేటు దాటితే

విజయనగరానికి దగ్గర్లోనే కోరుకొండ సైనిక్ స్కూల్. విజయనగరం రాజవంశీకులు పి.వి.జి. రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో 1962లో మొదలైంది. ఆరో తరగతిలో చేరే పిల్లాడికి నిండా పదకొండేళ్లుంటాయో లేదో. అమ్మ చేతిముద్ద మరవకముందే బూట్లకు పాలిష్ పట్టడం నేర్చుకుంటాడు. ఎందరో అధికారుల్ని దేశానికి ఇచ్చిన బడి అది.

ఆ గేటు దాటి వెళ్లిన పిల్లల్లో సూర్యాపేటకు చెందిన బిక్కుమళ్ల సంతోష్ బాబు ఒకరు. 16 బిహార్ రెజిమెంటుకు కమాండింగ్ ఆఫీసరయ్యారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. సరిహద్దు దగ్గర కాల్పులు జరపకూడదని రెండు దేశాల మధ్య 1996 నుంచీ ఒప్పందం. అందుకే ఆ రాత్రి తూటాలు పేలలేదు. రాళ్లు, ఇనుప కడ్డీలు, మేకులు దిగ్గొట్టిన దుడ్లు! ఉపగ్రహాలు, క్షిపణులు ఉన్న ఈ కాలంలో గడ్డకట్టే నీళ్ల ఒడ్డున మనుషులు చేతులతో కొట్టుకుని చనిపోయారు. కర్నల్‌కు మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. తమవైపు నలుగురు పోయారని చైనా ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. అక్కడా తల్లులుంటారుగా... కొడుకు ఎలా పోయాడో తెలుసుకోవడానికి వాళ్లకు ఆ మాత్రం సమయం పట్టిందన్నమాట.

అమరుడి విగ్రహానికి దండ వేయడం సులువు. ఆ రాత్రి బతికి బయటపడిన జవాను మనసులో ఏముందో వినడమే కష్టం.

నాలుగేళ్ల లెక్క

ఇప్పుడు మళ్లీ మన మైదానానికి వద్దాం. ఈ కుర్రాళ్ల నాన్నల కాలంలో సైన్యమంటే కనీసం పదిహేనేళ్ల కొలువు, జీవితాంతం పింఛను. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించాక లెక్క మారింది. పదిహేడున్నరేళ్లు నిండిన కుర్రాళ్లను నాలుగేళ్లకు తీసుకుంటారు. గడువు ముగిశాక వంద మందిలో 25 మంది దాకా సైన్యంలో కొనసాగుతారు. మిగిలినవాళ్లకు సేవానిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. కేంద్ర బలగాలు వంటి చోట్ల వాళ్లకు రిజర్వేషన్లు ప్రకటించారు. సైన్యం సగటు వయసు తగ్గాలి, పింఛన్ల భారం తగ్గాలి అన్నది పథకాన్ని సమర్థించేవారి వాదన.

ప్రకటన వచ్చిన మూడో రోజునే సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో ఏం జరిగిందో టీవీల్లో చూశాం. జూన్ 17న బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంత యువకుడొకరు చనిపోయాడు. ఆ గుంపులో చాలామంది శారీరక పరీక్షలు పాసై, రాతపరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు. సైన్యంలోకి తీసుకోండని అడుగుతూ ఓ కుర్రాడు తూటాకు బలయ్యాడు. ఆ నిరసనలో యుద్ధం మాట ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఉద్యోగం మాటే. మన పిల్లలు సైన్యంలోకి దేని కోసం వెళుతున్నారో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

కానీ సైన్యం ఉద్యోగమే అయినా, యుద్ధం యుద్ధమే. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్ అగ్నివీర్‌గా చేరాడు. 2025 మే 9న జమ్మూ కశ్మీర్ సరిహద్దులో పాకిస్థాన్ కాల్పుల్లో అమరుడయ్యాడు. ముంబయిలో కూలిపనులు చేసి పెంచిన తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కొడుకు. అంత్యక్రియలకు నాయకులంతా వచ్చారు. బీమా, పరిహారం అందుతాయి. అయితే సాధారణ సైనికుడి కుటుంబానికి వచ్చే పింఛను అగ్నివీర్ కుటుంబానికి లేదు. అదే సరిహద్దు, అదే తూటా... కాగితం మీద మాత్రం తేడా. తమకూ సమానంగా ఇవ్వాలని ఆ తల్లి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన తొలి బ్యాచ్‌కి నాలుగేళ్ల గడువు 2026-27లో ముగుస్తుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే 'మాజీ సైనికుడు' అనిపించుకునే తరం ఊళ్లలోకి రాబోతోంది. వాళ్లు మోసుకొచ్చే డబ్బు గురించి బ్యాంకులవాళ్లు అడుగుతారు. మనసులో మోసుకొచ్చే బరువు గురించి ఎవరు అడుగుతారు?

ఇక్కడ చెక్కని మాట

విజయనగరం నుంచి నెల్లిమర్ల దాటితే రామతీర్థం. రాముడి గుడి దగ్గర్లోనే గురుభక్తులకొండ మీద బౌద్ధుల కట్టడాల ఆనవాళ్లున్నాయి. శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలోనూ అంతే. ఇదంతా ఒకప్పటి కళింగం. క్రీస్తుపూర్వం 261 ప్రాంతంలో అశోకుడు ఈ కళింగం మీదే దండెత్తాడు. లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఇతర కారణాలతో పోయారని, అందుకు తాను బాధపడుతున్నానని ఆయనే తన పదమూడో శిలాశాసనంలో రాయించుకున్నాడు. గెలిచిన రాజు, గెలిచినందుకే బాధపడ్డాడు. చరిత్రలో యుద్ధం మీద భ్రమ తొలగిపోయిన మొదటి పెద్ద మాజీ సైనికుడు ఆయనే అనుకోవచ్చు.

ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. వాయవ్యాన, ఇప్పటి పాకిస్థాన్‌లోనూ ఉంది. కానీ కళింగంలో లేదు! ఒడిశాలోని ధౌలి, జౌగడ బండల మీద మిగతా శాసనాల్లో చాలావరకు ఉన్నాయి గానీ, ఈ పదమూడోదాన్ని వదిలేశారు. దాని చోట పాలన గురించి వేరే శాసనాలు చెక్కించారు. కారణమేదైనా కావచ్చు. దెబ్బతిన్న నేలకు మాత్రం ఆ పశ్చాత్తాపం వినిపించలేదు.

ఇన్ని వేల ఏళ్ల తర్వాతా అదే లోటు. యుద్ధం చూసినవాడి మాట ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది చేరడం లేదు. సైన్యంలోకి వెళ్లొద్దని ఎవరి పిల్లల్నీ ఆపక్కర్లేదు. దేశానికి కాపలా కావాలి, ఇంటికి జీతం కావాలి. కానీ వెళ్లేవాడు తెలిసి వెళ్లాలి.

అందుకే రేపు మీ అబ్బాయి బూట్లు కట్టుకుని మైదానానికి బయల్దేరితే ఆపకండి. సాయంత్రం మాత్రం ఊళ్లో ఉన్న మిలట్రీ ఆయన అరుగు మీదికి తీసుకెళ్లండి. పతకాల గురించి కాదు, 'తాతా, మీ స్నేహితులెవరైనా తిరిగి రాలేదా?' అని అడగమనండి. ఆయన వెంటనే జవాబు చెప్పకపోవచ్చు. తొందరపెట్టొద్దు. టీ తెప్పించి, కాసేపు కూర్చోండి.

ఆయన చెప్పేది విన్నాక కూడా మర్నాడు నాలుగున్నరకు కుర్రాడు లేస్తే, ఆ నిర్ణయం నిజంగా వాడిదే!